ఏడు డాలర్లు మాకొద్దన్నవాళ్ళు

(అంబేడ్కర్ జయంతి సభలో చేసిన ఉపన్యాసం)



మేము కోఠీ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో ఒక చిరిగిన పుస్తకం కొన్నాము. అమెరికా అంతర్యుద్ధంలో ఒక కోట మీద జరిగిన దాడి చరిత్ర. ఫిరంగులెన్ని, ఏ దళం ఎటునుంచి వెళ్ళింది, అన్నీ మ్యాపులతో సహా ఉన్నాయి. మిలటరీ పుస్తకం మనకెందుకంటారా? వినండి.

1863 జులై 18. దక్షిణ కరోలినాలో చార్లెస్టన్ రేవు దగ్గర వాగ్నర్ కోట. బానిసత్వం నిలవాలన్న దక్షిణాది దొరల చేతిలో ఉంది. సందె చీకట్లో దాని మీదికి అందరికన్నా ముందు నడిచింది 54వ మసాచుసెట్స్ పటాలం. సైనికులు నల్లవాళ్ళు, అధికారులు తెల్లవాళ్ళు. సుమారు 600 మంది పోతే చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, జాడ తెలియనివాళ్ళు కలిపి 272 మంది. జెండా పట్టినవాడు కూలితే సార్జంట్ విలియం కార్నీ అందుకున్నాడు. ఒంటినిండా గాయాలైనా జెండాను నేల తాకనివ్వలేదు. అతనికి పతకం ఇచ్చింది ఎప్పుడు? 1900లో!

కర్నల్ షా తెల్లవాడు. అక్కడే చనిపోయాడు. శత్రువులు అతన్ని నల్ల సైనికులతో కలిపి ఒకే గోతిలో పూడ్చారు. అది అవమానమని వాళ్ళ లెక్క. తండ్రి మాత్రం నా బిడ్డను అక్కడే ఉంచండన్నాడు. ఊరికి రెండు శ్మశానాలున్న మనకు ఆ మాట విలువ తెలుసు.

ఆ రాత్రి కోట దక్కలేదు. పుస్తకం ఇంచుమించు అక్కడితో సరి. అసలు యుద్ధం సంగతి మేము వేరే పుస్తకాలు వెతికి తెలుసుకున్నాము. అది జీతం సంగతి.

చేర్చుకునేటప్పుడు తెల్ల సైనికుడితో సమానంగా నెలకు 13 డాలర్లన్నారు. తీరా 10 అన్నారు. అందులో బట్టలకని 3 కోత. మిగిలింది 7. పటాలం ఆ డబ్బు ముట్టలేదు. తక్కువైంది మేమిస్తామని మసాచుసెట్స్ రాష్ట్రం ముందుకొచ్చింది. అదీ వద్దన్నారు. లోటు పూడ్చడం వేరు, సమానమని ఒప్పుకోవడం వేరు. ఇళ్ళ దగ్గర పెళ్ళాం పిల్లలు అల్లాడినా ఏడాది దాటి అట్లాగే నిలబడ్డారు. మరో నల్ల పటాలంలో సార్జంట్ విలియం వాకర్ సమాన జీతం కోసం తనవాళ్ళతో తుపాకులు కింద పెట్టించాడు. 1864లో అతన్ని సొంత సైన్యమే కాల్చి చంపింది. ఆ ఏడాది జూన్‌లోనే సమాన జీతం చట్టం వచ్చింది. ఎవరూ దయతలచి ఇవ్వలేదు.

ఇది పరాయి కథ కాదు. మన ఫూలే 1873లో తన 'గులాంగిరి'ని బానిసల విముక్తికి పాటుపడ్డ అమెరికా ప్రజలకే అంకితమిచ్చాడు.

మరి మనం? దొర కూలి తగ్గిస్తే కేకలేస్తాం. అదే చేలో మన అక్కకు మగకూలీ కన్నా తక్కువిస్తుంటే నోరు మూసుకుంటున్నాం. అందరికీ సమానంగా ఇచ్చేదాకా మా కూలీ వద్దని మగవాళ్ళం ఒక్కరోజన్నా అన్నామా? ఈ రాత్రి వాడల్లో కూచుని ఆ మాట తేల్చుకోండి.

జై భీమ్!