మన గిన్నె ముందు తీసిపెడదాం
పొద్దున్నే పిల్లలకు బాక్సులు కట్టి, మనం మాత్రం టీ చుక్కతో పనికి పోతాం. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తం తక్కువున్నట్టే. ఇచ్చిన బిళ్లలు మానకుండా, రోజూ గిన్నెడు మునగాకు జావ కూడా తాగండి.

రెండు చెంచాల రాగిపిండి రాత్రే నీళ్లలో కలిపి పెట్టుకోవాలి. పొద్దున రెండు గ్లాసుల నీళ్లు మరిగించి, గుప్పెడు లేత మునగాకు వేసి ఉడికించాలి. తర్వాత పిండి నీళ్లు పోసి, ఉండ కట్టకుండా తిప్పుతూ చిక్కబడనివ్వాలి. ఉప్పు వేసి దించి, చల్లారాక నిమ్మకాయ పిండాలి. ఆ పులుపుతో ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. వెంటనే టీ తాగితే సరిగా పట్టదు, గంట ఆగండి.

పొదుపు డబ్బు ముందే తీసిపెడతాం కదా, గిన్నె కూడా అంతే. మిగిలితే తాగుదామంటే మిగలదు.