రాతలో లేని వేటు



బెంగళూరు తెలుగువారి ఈ సభలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి స్మృతిలో మాట్లాడమని నన్ను పిలిచారు. 1909లో రాజమండ్రిలో పుట్టి, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నిలబెట్టి, లా చదివి, రాజ్యాంగ సభలో కూర్చున్న మహాతల్లి ఆమె. ఆడదానికి చదువుతోపాటు సొంత సంపాదన కూడా ఉండాలని జీవితమంతా పాటుపడ్డారు. 1981 మే 9న కన్నుమూశారు. ఆ సంపాదన మీదకే వచ్చే ఒక అన్యాయం గురించి సుప్రీంకోర్టు చెప్పిన పెద్ద తీర్పు అదే ఏడాది ఆగస్టు 28న వెలువడింది. కడుపుతో ఉన్న స్త్రీని ఉద్యోగంలోంచి సాగనంపడమే ఆ అన్యాయం. ఈ సాయంత్రం దాని చరిత్ర చెప్పుకుందాం.

ప్రసూతి రక్షణ మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ తన తొలి ఒప్పందాన్ని 1919లో చేసింది. మన దేశంలో మొదటి చట్టం 1929లో బొంబాయిలో వచ్చింది. అంతకు ముందు ఏడాది ఆ రాష్ట్ర శాసన మండలిలో బిల్లు చర్చకు వచ్చినప్పుడు డాక్టర్ అంబేద్కర్ దాన్ని సమర్థించారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలు కాబట్టి, ఆ ఖర్చులో ఎక్కువ భాగాన్ని ప్రభుత్వమే భరించాలన్నారు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది. 1930ల మధ్యలో మద్రాసు రాష్ట్రమూ ఇలాంటి చట్టమే చేసింది. దేశమంతటికీ వర్తించే ప్రసూతి ప్రయోజన చట్టం 1961లో వచ్చింది.

చట్టం వచ్చినా సంస్థల రూల్సు మారలేదు. కొడగు ఆడపడుచు సి.బి. ముత్తమ్మ విదేశాంగ సర్వీసులోకి ఎంపికైన తొలి మహిళ. అప్పట్లో ఆ సర్వీసులో స్త్రీ పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాల్సి వచ్చేది, సంసారం పనికి అడ్డమనుకుంటే రాజీనామా చేయమనే వీలుండేది. ఆమె సుప్రీంకోర్టుకెక్కారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనను గట్టిగా తప్పుపట్టారు. ముత్తమ్మ గారు 2009లో ఈ బెంగళూరులోనే తుది శ్వాస విడిచారు.

ఎయిరిండియాలో ఎయిర్ హోస్టెస్‌కు మొదటిసారి నెల తప్పితే ఉద్యోగం పోయేది. నర్గేశ్ మీర్జా కేసుగా పేరుబడ్డ 1981 తీర్పులో ఆ నిబంధన భారత స్త్రీత్వానికే అవమానమని సుప్రీంకోర్టు కొట్టేసింది. 1991లో నీరా మాథుర్ కేసు వచ్చింది. ఎల్ఐసీ దరఖాస్తులో నెలసరి ఎప్పుడు, కాన్పులు ఎన్ని అని అడిగేవారు. ప్రొబేషన్‌లో ఉండగా ప్రసూతి సెలవు తీసుకున్న ఆమెను తీసేశారు. కోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలో చేర్పించి, ఆ ప్రశ్నలు ఎత్తేయమంది. ఢిల్లీ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద దినకూలీకి మట్టి మోసే ఆడవాళ్లకూ ప్రసూతి ప్రయోజనాల హక్కు ఉందని 2000 మార్చి 8న సుప్రీంకోర్టు తేల్చింది.

ఈ విజయాలన్నిటికీ ఒక పోలిక ఉంది. అన్యాయం అచ్చులో ఉంది కనుక కోర్టు దాన్ని పట్టుకోగలిగింది. మూడు నెలలు దాటిన గర్భిణి ఉద్యోగంలో చేరడానికి తాత్కాలికంగా అనర్హురాలని 2021 డిసెంబరు చివర స్టేట్ బ్యాంక్ ఒక సర్క్యులర్ ఇచ్చింది. గొడవ రేగడంతో జనవరి పూర్తి కాకముందే దాన్ని పక్కన పెట్టింది. కాగితం మీదున్న తప్పు నెల రోజులు కూడా నిలవలేదు.

నేటి బెంగళూరులో ఆ కాగితమే కనిపించదు. వైట్‌ఫీల్డ్ ఆఫీసులోనైనా, పీణ్య గార్మెంట్ ఫ్యాక్టరీలోనైనా గర్భిణిని తీసేయాలన్న రూలు ఎక్కడా రాసి ఉండదు. ఇంటర్వ్యూలో పిల్లల సంగతి ఎప్పుడని నవ్వుతూ అడుగుతారు. సంగతి చెప్పిన వారానికే ప్రాజెక్టులోంచి తీసి, పని ఇవ్వకుండా బెంచ్ మీద కూర్చోబెడతారు. సెలవు నుంచి తిరిగొచ్చేసరికి ఆ సీటులో ఇంకొకరుంటారు, రేటింగ్ పడిపోతుంది. కుట్టు మెషిన్ దగ్గర మాటిమాటికీ బాత్రూముకు లేచే చూలాలికి టార్గెట్ తగ్గదు, తిట్లు పెరుగుతాయి. చివరికి నీ మంచికే అంటూ రాజీనామా పత్రం చేతికిస్తారు. దీన్ని వివక్ష అని గుర్తించడమే మొదటి పని. నిన్నటిదాకా బాగున్న పని, కడుపు సంగతి తెలిసిన నాటి నుంచి బాగుండలేదంటే కారణం పనిలో లేదు.

చట్టం ఏమంటున్నదో చూడండి. కాన్పుకు ముందటి పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేస్తే చాలు, ప్రసూతి ప్రయోజనానికి హక్కు వస్తుంది. 2017 సవరణతో మొదటి ఇద్దరు బిడ్డల దాకా 26 వారాల సెలవు, 50 మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం వచ్చాయి. సెలవులో ఉండగా తీసేయడమే కాదు, ఆమెకు నష్టం కలిగేలా ఉద్యోగ షరతులు మార్చడమూ చట్టవిరుద్ధమే. 2025 నవంబరు 21 నుంచి అమలైన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ హక్కులు కొనసాగుతున్నాయి.

కాబట్టి వాళ్లు రాయనిదాన్ని మనమే రాయాలి. గర్భం సంగతీ, సెలవు తేదీలూ మెయిల్‌లోనో ఉత్తరంలోనో తెలిపి నకలు దాచుకోవాలి. నోటిమాటగా ఏదైనా చెబితే, మీరు ఇలా అన్నారని అదే రోజు తిరిగి రాయాలి. పాత రేటింగులు, జీతం చీటీలు ఇంట్లో భద్రపరచాలి. ఒత్తిడి మీద రాజీనామా సంతకం పెట్టకూడదు. ఉద్యోగం తీసేస్తే అప్పీలుకు గడువు 60 రోజులే. బన్నేరుఘట్ట రోడ్డులో కార్మిక శాఖ కార్యాలయమైన కార్మిక భవన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. లాయరుకు డబ్బు లేదని ఆగనక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద, ఆదాయంతో పనిలేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం ఉంది, ఫోను నంబరు 15100.

ఇక ఖర్చును ప్రభుత్వం భరించాలన్న అంబేద్కర్ మాట. నెలకు 21,000 రూపాయల లోపు జీతముండి ఈఎస్ఐ బీమా ఉన్న కార్మికురాలికి ప్రసూతి సొమ్ము యజమానులూ కార్మికులూ కట్టిన ఉమ్మడి నిధి నుంచి వస్తుంది. ఆ పరిధిలో లేని ఉద్యోగిని సెలవు కాలపు జీతమంతా ఒక్క యజమాని మీదే పడుతుంది. అందుకే చిన్న కంపెనీ పెళ్లయిన అమ్మాయిని తీసుకోవడానికే వెనకాడుతుంది. ఆ భయం వివక్షకు సాకు కాకూడదు, కానీ కారణం అదేనని ఒప్పుకోవాలి. 2000లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 183వ ఒప్పందం ఈ ఖర్చు సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధి నుంచో రావాలంటుంది. భారతదేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. ఆమోదించాలి.

ఈ సభలో మేనేజర్లున్నారు, హెచ్ఆర్ వాళ్లున్నారు, కూతుళ్లను ఉద్యోగాలకు పంపే తల్లిదండ్రులున్నారు. మేనేజర్లకు నా మనవి: సెలవుపై వెళ్లే ఆడపిల్లకు ఆమె సీటు ఆమెదేనని రాసివ్వండి. తోటి ఉద్యోగులకు నా మనవి: కళ్లెదుట జరిగినదానికి సాక్ష్యం చెప్పండి. తల్లిదండ్రులకు నా మనవి: ఉద్యోగం పోతే పోయిందిలే అని బిడ్డకు సర్దిచెప్పకండి, ఆమె వెంట కార్మిక భవన్‌కు నడవండి. దుర్గాబాయమ్మకు మనం అర్పించగల నివాళి ఇదే.