యార్డ్ సేల్‌లో పాత రేసు సైకిలు

అమెరికాలో వేసవి శనివారం పొద్దున ఏ వీధిలో తిరిగినా యార్డ్ సేల్ బోర్డులు కనిపిస్తాయి. ఇంట్లో అక్కర్లేని సామాను ముంగిట్లో పరిచి అమ్ముకుంటారు. కుర్చీలు, గిన్నెలు, బొమ్మలు. వాటి వెనక, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్‌తో ఓ పాత సైకిలు. మనకు కావలసింది అదే.

1970ల మొదట్లో అక్కడ పది గేర్ల సైకిళ్ల మోజు పుట్టింది. పెద్దవాళ్లూ ఎగబడి కొన్నారు. చాలా సైకిళ్లు గ్యారేజీల్లోనే ఉండిపోయాయి. ఇప్పుడవి బయటికొస్తున్నాయి.

పేరు చూసి మురిసిపోకండి. ముందు ఎత్తి చూడండి. అప్పట్లో షికాగో కంపెనీ అయిన ష్విన్ వారి వర్సిటీ గట్టిదే, కానీ మహా బరువు. అదే ష్విన్ వారి పారామౌంట్ చేతికి తేలిగ్గా వస్తుంది. పేరొకటే, సైకిలు వేరు. సీటు కింది గొట్టం మీద రేనాల్డ్స్ 531 అన్న స్టిక్కరుందా? అది మేలురకం ఇంగ్లండు ఉక్కు.

ఇక అసలు పరీక్ష ఫ్రేముకి. సీటు పైకీ కిందికీ జరుగుతుందా? సీటును మోసే అల్యూమినియం గొట్టం ఉక్కు ఫ్రేములో ఏళ్ల తరబడి ఉంటే బిగుసుకుపోతుంది. దాన్ని ఊడదీయడం నరకం. తర్వాత, హ్యాండిల్ కింద గొట్టాల అతుకు దగ్గర వేలితో తడమండి. రంగు ముడతలు పడిందంటే ఎక్కడో గుద్దుకున్న బండి. ఎంత చవకైనా వదిలేయండి.

టైర్లు, చైను, బ్రేకు వైర్లు పాడైతే ఫరవాలేదు, మార్చుకోవచ్చు. మళ్లీ చెబుతున్నా, ఫ్రేము బాగుండాలి. పాత ఫ్రెంచి ప్యూజో అయితే ఇంకో మాట: దాని మరల కొలతలే వేరు, విడిభాగాల కోసం వెతుక్కోవాలి. ఆ మాట చెప్పే బేరమాడండి.