గునపానికి చదువు రాదు

 

స్నాతకోత్సవానికి అతిథులుగా వచ్చినవాళ్లు పట్టాలు అందుకున్న విద్యార్థులకు ఉద్యోగాల గురించి, పోటీ గురించి చెప్పడం ఆనవాయితీ. వాటి సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. నేను విగ్రహాల గురించి మాట్లాడతాను. రేపు మీలో కొందరు మున్సిపల్ కమిషనర్లు అవుతారు. కొందరు లాయర్లు, విలేకరులు, శిల్పులు అవుతారు. ఏదో ఒకనాడు ఊరి కూడలిలో ఒక విగ్రహాన్ని పెట్టాలా, ఉంచాలా, తీసెయ్యాలా అన్న తగాదా మీ బల్ల మీదికి వచ్చి తీరుతుంది.

హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఒక్కసారైనా నడవనివాళ్లు ఈ హాల్లో తక్కువే ఉంటారు. 1980లలో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం అక్కడ తెలుగు ప్రముఖుల విగ్రహాలను వరుసగా నిలబెట్టింది. తెలుగువాళ్లంతా ఒకటేనని చాటడం దాని ఉద్దేశం. రుద్రమదేవి, మఖ్దూం మొహియుద్దీన్ వంటి తెలంగాణ ప్రముఖులకూ ఆ వరుసలో చోటు దక్కింది. అయినా మా నేల మీద మావాళ్లు ఇంత తక్కువేమిటని తెలంగాణలో అడుగుతూనే వచ్చారు. ఆ ప్రశ్నను ఎవరూ పట్టించుకోలేదు. 2011 మార్చి 10న, ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన మిలియన్ మార్చ్ రోజున, ఆ కోపం తాళ్లు, గునపాలు పట్టుకుని గట్టు మీదికి వచ్చింది. శ్రీశ్రీ, నన్నయ, అన్నమయ్య, జాషువా విగ్రహాలు దెబ్బతిన్నాయి. కొన్ని హుస్సేన్‌సాగర్ నీళ్లలో పడ్డాయి.

జాషువా దగ్గర కాసేపు ఆగుదాం. వినుకొండలో పుట్టిన ఆ కవి కులం పేరిట ఎన్నో అవమానాలు దిగమింగాడు. అంటరానితనం మీద పద్యంతోనే యుద్ధం చేశాడు. తమకు గౌరవం దక్కలేదని రగిలిపోయిన జనం, గౌరవం కోసమే జీవితమంతా పోరాడిన మనిషి మీద చెయ్యి చేసుకున్నారు. అప్పుడు వాళ్లకు కనిపించింది ఆయన పుట్టిన ప్రాంతం ఒక్కటే. గునపానికి చదువు రాదు. అలాగని ఆ రోజు గునపం పట్టినవాళ్ల కోపానికి కారణమే లేదంటే అదీ అబద్ధమే.

అదే గట్టు మీద ఆర్థర్ కాటన్ విగ్రహానికీ ఆ రోజు దెబ్బ తగిలింది. గోదావరి మీద ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీళ్లతో పొలాలు పండించుకున్న గోదావరి జిల్లాలవాళ్లు ఆయన్ని ఇవాళ్టికీ కాటన్ దొర అని తలుచుకుని దండ వేస్తారు. హైదరాబాద్‌లో ఆ దొర ఎవరికీ నీళ్లు ఇవ్వలేదు. మనిషి ఒకడే, చేసిన పని ఒకటే. ఊరు మారేసరికి విగ్రహం అర్థం మారింది. అందుకే విగ్రహం గురించి అడిగేటప్పుడు ఆయన గొప్పవాడా అని అడిగితే సరిపోదు. ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఎవరి నేల మీద పెట్టారు అని కూడా అడగాలి.

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ సంగతి చూడండి. బానిసల వ్యాపారి ఎడ్వర్డ్ కోల్‌స్టన్ 1721లో చనిపోయాడు. ఆయన పెద్ద పదవిలో ఉన్న కంపెనీ ఆ కాలంలో 84,000 మంది ఆఫ్రికన్లను బానిసలుగా ఓడలెక్కించిందని, వాళ్లలో 19,000 మంది దారిలోనే చనిపోయారని అంచనా. ఆయన పోయిన 174 ఏళ్లకు, 1895లో, విగ్రహం వెలిసింది. కింద ఫలకం మీద ఆయన సద్గుణాలే ఉన్నాయి, బానిసల ఊసు లేదు. ఆ సంగతి చెప్పే రెండో ఫలకం పెట్టాలని 2018లో ప్రయత్నాలు జరిగాయి. ఏ మాట ఉండాలి, ఏ మాట తీసెయ్యాలి అన్న బేరం తెగక ఫలకం ఆగిపోయింది. 2020 జూన్ 7న జనం తాడు కట్టి విగ్రహాన్ని పడగొట్టి, దొర్లించుకుంటూ పోయి రేవులో పడేశారు.

నాలుగు రోజుల తర్వాత దాన్ని పైకి తీశారు. ఆ తర్వాత ఊరి మ్యూజియంలో పెట్టారు. నిలబెట్టలేదు, పడుకోబెట్టారు. జనం పూసిన రంగులను కడగకుండా ఉంచారు. ఇప్పుడు అక్కడికి వెళ్లిన పిల్లవాడికి బానిస వ్యాపారం, 1895 నాటి భక్తి, 2020 నాటి కోపం మూడూ ఒక్కచోటే కనిపిస్తాయి. గద్దె మీద ఉన్నన్నాళ్లూ ఆ విగ్రహం ఇంత చరిత్ర చెప్పలేదు.

విగ్రహం తీస్తే చరిత్ర చెరిగిపోతుందని భయపడేవాళ్లకు నా జవాబు ఇదే. చరిత్ర పుస్తకాల్లో, దస్త్రాల్లో, మ్యూజియాల్లో ఉంటుంది. కూడలిలో గద్దె మీద ఉండేది గౌరవం. ఎవరికి గౌరవం ఇవ్వాలో ప్రతి తరమూ మళ్లీ ఆలోచించుకోవచ్చు. స్వతంత్ర భారతం ఆ పనే చేసింది. ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర ఛత్రం కింద ఉన్న అయిదో జార్జి విగ్రహాన్ని 1968లో తీయించి, పగలగొట్టకుండా కారొనేషన్ పార్కుకు తరలించింది. దానివల్ల బ్రిటిష్ పాలన మన పాఠాల్లోంచి మాయం కాలేదు.

మన రాష్ట్రంలోనే ఇంకొక ఉదాహరణ ఉంది. 2024లో తెలంగాణ రాజముద్ర మార్చాలనుకున్నప్పుడు అందులోని కాకతీయ తోరణం, చార్మినార్ తీసేస్తారన్న మాట పుట్టింది. కొందరికి అవి రాచరికపు గుర్తులు, కొందరికి ఓరుగల్లు, హైదరాబాద్‌ల ప్రాణం. అభ్యంతరాలు రావడంతో జూన్ 2న జరగాల్సిన ఆవిష్కరణ ఆగింది. ఎవరి వాదన సరైనదో ఇక్కడ తేల్చను. మాట వినడానికి ఆగారు, అది మంచిది.

అర్జీకి జవాబు రాని చోటికే గునపం వస్తుంది. ట్యాంక్‌బండ్ చెప్పిందీ, బ్రిస్టల్ చెప్పిందీ ఇదే.

అందుకని మీకు నా విన్నపం. మీలో అధికారం చేతికొచ్చేవాళ్లు విగ్రహాల అర్జీలను ఫైళ్ల కింద తొక్కిపెట్టకండి. అందరినీ పిలిచి వినండి, నిర్ణయాన్ని కారణాలతో సహా బయటపెట్టండి. రాత్రికి రాత్రి గద్దె కట్టడం, రాత్రికి రాత్రి కూల్చడం రెండూ తప్పే. చరిత్ర చదివినవాళ్లు ఫలకం మీద మంచితోపాటు చెడునూ రాయండి. ఉద్యమాల్లోకి వెళ్లేవాళ్లు తాడు పట్టుకునే ముందు ఆ పేరు చదవండి, ఆ మనిషి ఎవరి పక్షాన నిలబడ్డాడో తెలుసుకోండి. చదువుకున్నవాళ్ల నుంచి సమాజం కోరేది ఈ మాత్రమే.