కొత్త వర్డ్‌లో మన పేర్లు
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపులు, వసూళ్ళ లెక్కలు కోశాధికారి ఇప్పుడే చెప్పారు. మేము చెప్పేది కంప్యూటర్ సంగతి. ‘అది ఆఫీసులో కూర్చునేవాళ్ళ పని, మాకెందుకు’ అనుకోకండి. అందులో ఉన్నవి మీ పేర్లే.

మన ఆఫీసులో ఇన్నేళ్ళూ వాడింది వర్డ్ 2010. దానికి భద్రతా అప్‌డేట్లు 2020 అక్టోబర్ 13తోనే ఆగిపోయాయి. నడుస్తోంది కదా అని మేమూ ఊరుకున్నాం. ఈ ఏడు పాత కంప్యూటర్ మొరాయించింది. కొత్తది కొన్నాం, దాంతోపాటు కొత్త వర్డ్ కూడా. ఏటేటా డబ్బు కట్టే రకం ఒకటి, ఒక్కసారి కొనుక్కునే రకం ఒకటి ఉన్నాయి. మనకున్న కిస్తీలు చాలవా, ఇంకొకటి ఎందుకని ఒక్కసారి కొనేదానికే తీర్మానం రాశాం. ఇంట్లో పిల్లల కోసం కంప్యూటర్ పెట్టుకున్నవాళ్ళు లిబ్రే ఆఫీస్ వేసుకోండి. పైసా ఖర్చు లేదు, వర్డ్ ఫైళ్ళు అందులోనూ తెరుచుకుంటాయి.

మొదటి రోజే పరేషాన్. సభ్యుల జాబితా తెరిస్తే అందులో తెలుగే లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు, అంతా కలగాపులగం. ‘కొత్తది మన రికార్డంతా తినేసింది’ అని ఒక అక్క తల పట్టుకుంది. అదే వారం బ్యాంకు అప్పు కోసం ఆ జాబితా ఇవ్వాలి. ఆ రాత్రి మాకు నిద్ర లేదు.

తీరా చూస్తే రికార్డు ఎటూ పోలేదు. తెలియనిది మాకే. పాత డీటీపీ ఫాంట్లలో మనం ‘క’ కొడితే కంప్యూటర్ దాన్ని ‘క’ అనుకోదు. లోపల ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో ఉంటుంది, దానికి ఫాంటు తెలుగు తొడుగు వేస్తుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తొడుగు ఊడిపోతుంది. కొత్తదాంట్లో మేము ఆ ఫాంటు వేయలేదు, అంతే. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు ఏళ్ళ తరబడి ఇట్లాంటి ఫాంట్లతోనే అచ్చయ్యాయి. కాగితం వరకు దానితో ఏ ఇబ్బందీ లేదు. ఫోన్‌కు పంపితేనే బండారం బయటపడుతుంది.

దీనికి మందు యూనికోడ్. ప్రపంచంలోని లిపులకు అక్షరానికొక నంబరు ఇచ్చిన పద్ధతి అది. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి అనే తెలుగు ఫాంటు ఉంది. మన పాత వర్డ్‌లోనూ ఇట్లా టైపు చేసుకునే వీలుంది. మేమే ఎవరినీ అడగలేదు.

పాత ఫాంటు మళ్ళీ వేసుకుంటే ఒక్క పూటలో పని అయిపోయేది. మాలో సగం మంది అదే అన్నారు. అప్పుడు ఒక చెల్లి, ‘నా అప్పు తీర్మానం నా ఫోన్‌లో నేను చదువుకోవచ్చా?’ అని అడిగింది. పాత పద్ధతిలో చదువుకోలేదు. ఒక్క ఒత్తు దిద్దాలన్నా డీటీపీ షాపుకు పోవాల్సిందే. మన పేరు మీద అప్పు, మనమే చదవలేని కాగితం! అందుకే జాబితా మొత్తం యూనికోడ్‌లోకి మార్చాలని నిర్ణయించాం. బ్యాంకుకు ఆ వారానికి చేత్తో రాసి ఇచ్చాం.

మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి గానీ గుడ్డిగా నమ్మకూడదు. ఒత్తులు అటూ ఇటూ అవుతాయి, సున్నాలు ఎగిరిపోతాయి. అందుకే ఇద్దరిద్దరం కూర్చున్నాం. ఒకరు మినిట్స్ పుస్తకం చదవడం, ఒకరు తెర చూడడం. అట్లా చదువుతుంటే కంప్యూటర్ చేసిన తప్పుల కంటే అంతకు ముందే మనం చేసిన తప్పులు ఎక్కువ దొరికాయి. బార్కస్ పేరే బ్యారక్స్ నుంచి వచ్చింది. నిజాం ఫౌజులో పనిచేసిన అరబ్బుల వారసులు ఇక్కడ ఉన్నారు. బిన్, బా అని వచ్చే ఇంటి పేర్లు తెలుగులో ఒక్కొక్కరు ఒక్కో తీరుగా రాశారు. ఖదీజా ఒక పేజీలో కదీజ, ఇంకో పేజీలో ఖతీజా. ముగ్గురూ ఒక్క మనిషే! ఆధార్‌లో ఒక పేరు, మన జాబితాలో ఒక పేరు ఉంటే అప్పు దగ్గర ఎవరు తిరగాలి? ఆమే తిరగాలి.

ఇప్పుడు పేరు కొడితే వర్డ్ వెతికి చూపిస్తుంది. అకారాది క్రమంలో పెట్టమన్నా పెడుతుంది. బయటికి పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపుతున్నాం, వరుసలు జరిగిపోకుండా. అసలు ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉంది. మినిట్స్ పుస్తకం మాత్రం చేత్తో రాయడం ఆపలేదు, ఆపం కూడా.

ఉర్దూ పని మిగిలింది. పాత ఇన్‌పేజ్ ఫైళ్ళదీ ఇదే కథ, అవీ యూనికోడ్‌లోకి రావాలి. వర్డ్‌లో కుడి నుంచి ఎడమకు రాసే బటన్ దొరికింది గానీ ఉర్దూ చదివి సరిచూసేవాళ్ళు మాలో ఇద్దరే ఉన్నారు. వచ్చినవాళ్ళు మీ పేర్లు చెప్పండి.

వెనక గోడకు తెలుగు జాబితా అంటించాం. భోజనాలకు ముందు మీ పాస్‌బుక్ పక్కన పెట్టి చూసుకోండి. తప్పుంటే అక్కడే దారానికి కట్టిన ఎర్ర పెన్నుతో దిద్దండి. పాస్‌బుక్ తేనివాళ్ళు వచ్చే నెల మీటింగుకు తీసుకురండి.