దుబాయ్ ధర, మన ఊరి తరుగు

(జాతీయ వినియోగదారుల దినోత్సవం సందర్భంగా సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)



కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు మన బంధువుల్లోనూ ఉన్నారు. వాళ్లు ఫోన్ చేస్తే "అక్కడ బంగారం గ్రాము ఎంత?" అని అడగని ఇల్లు తక్కువ. జవాబు వినగానే మన అనుమానం ఊళ్లో నగల షాపాయన మీదికి పోతుంది. "ఇంత తేడానా, మనల్ని ముంచుతున్నాడన్నమాట" అనుకుంటాం.

ఆ తేడాలో ఎక్కువ భాగం ఆయన జేబులోకి పోదండీ. బంగారం ధర అంతర్జాతీయ మార్కెట్లో ఔన్సుకు, అంటే సుమారు 31.1 గ్రాములకు, డాలర్లలో పలుకుతుంది. మనం కొనే కొత్త బంగారం దాదాపు అంతా దిగుమతే. దానిపై సుంకం 2024 జూలై బడ్జెట్ దాకా 15 శాతం. ఆ బడ్జెట్లో 6 శాతానికి తగ్గించారు. లక్ష రూపాయల బంగారం, 3 శాతం జీఎస్టీ కూడా కలిపితే, పాత సుంకంతో 1,18,450 అయ్యేది. 6 శాతంతో 1,09,180. దుబాయ్‌లోనూ 2018 నుంచి 5 శాతం వ్యాట్ ఉంది, పర్యాటకులకు అందులో చాలావరకు తిరిగిస్తారు. ఇవన్నీ ఎవరైనా చూసుకోగలిగిన లెక్కలు.

మనం అడగాల్సింది తరుగు గురించి. 20 గ్రాముల గొలుసుకు 15 శాతం తరుగంటే 3 గ్రాముల బంగారం ధర. పైన చెప్పిన 6 శాతం సుంకం, జీఎస్టీ రెండూ కలిపినా అంత కాదు! పక్క షాపులో అలాంటి గొలుసుకే 8 శాతం వేయవచ్చు. దుబాయ్ రేటు కనుక్కునే మనం పక్క వీధి తరుగు కనుక్కోం. పెళ్లి హడావుడిలో, నలుగురి ముందు అడగడం చిన్నతనం అనిపిస్తుంది.

ఆ మొహమాటం ఖరీదు మన గోల్డ్ లోన్ కౌంటర్ దగ్గర తెలుస్తుంది. అప్రైజర్ రాళ్లు, లక్క బరువు తీసేసి నికర బరువే లెక్కగడతాడు. పిల్లవాడి ఫీజు కోసం ఆరు కాసుల హారం తెచ్చిన తల్లికి "ఇందులో బంగారం నాలుగున్నర కాసులేనమ్మా" అని చెప్పాల్సి వస్తే, ఆమె అనుమానంగా చూసేది షాపును కాదు, మనల్ని. అమ్మిన రోజే బిల్లులో రాళ్ల బరువు, బంగారం బరువు, తరుగు, మజూరీ వేరువేరుగా రాసి ఉంటే ఆ మాట అక్కడే తేలిపోయేది. అలా రాసిచ్చే వర్తకులు ఉన్నారు. నేనైతే రేటు నాలుగు రూపాయలు ఎక్కువైనా అక్కడికే వెళ్తాను.

ఇక స్వచ్ఛత. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద మూడు గుర్తులుండాలి: బీఐఎస్ ముద్ర, 22 క్యారెట్లయితే 916 అన్న అంకె, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ. షాపు హాల్‌మార్కింగ్‌కు కట్టే రుసుము నగకు 45 రూపాయలు, పైన జీఎస్టీ. "హాల్‌మార్క్ కాబట్టి రేటు ఎక్కువ" అంటే నమ్మకండి. హాల్‌మార్క్ ఉండీ స్వచ్ఛత తగ్గితే, ఆ తేడా విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చులు పరిహారంగా అడగవచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడవచ్చు. 2023 తరువాత కొన్న ఉంగరమో గాజో ఎవరి చేతికైనా ఉంటే, టీ తాగాక ఇలా రండి, కలిసి చూద్దాం. అక్షరాలు మరీ చిన్నవి, కళ్లజోడు మరిచిపోకండి.