కణం చేసే చివరి పని



తెలుగు సభకు అధ్యక్షుడైనవాడు నన్నయ దగ్గర మొదలుపెట్టాలని ఒక ఆచారం. సాంచాలు (మరమగ్గాలు) ఆపి వచ్చిన అన్నలూ, బీడీల చేట పక్కన పెట్టి వచ్చిన అక్కలూ కూర్చోగా షోలాపూర్ పూర్వ విభాగంలో సభ పెట్టి సైన్సు గురించి మాట్లాడమన్నారు గనక ఈ పూటకి నన్నయ గారు మన్నించాలి. నేరుగా కణం దగ్గరికే వస్తాను.

మన ఒంట్లో కణాలు రోజూ చస్తూనే ఉంటాయి. కొన్ని దెబ్బ తగిలి చస్తాయి. చాలావాటిది మాత్రం తమ జన్యువులు చెప్పిన పద్ధతిలో, చుట్టుపక్కల ఎవరికీ ఇబ్బంది లేకుండా సాగే చావు. 1972లో కెర్, వైలీ, కర్రీ అనే ముగ్గురు దీనికి అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. తల్లి కడుపులో బిడ్డ వేళ్లు మొదట కలిసే ఉంటాయి. నడుమ ఉన్న కణాలు చచ్చాకే విడివడతాయి. కండె పట్టే వేళ్లూ, తునికాకు కత్తిరించే వేళ్లూ అలా వచ్చినవే.

దీని వెనక జన్యువులున్నాయని తేలింది మిల్లీమీటరు పొడుగుండే సి. ఎలిగాన్స్ అనే పురుగు పుణ్యాన. అది ఎదిగే క్రమంలో 1090 కణాలు పుడితే 131 చస్తాయి. ఏ పురుగును చూసినా అవే 131. సల్‌స్టన్ ఆ కణాల వంశవృక్షం గీశాడు, హార్విట్జ్ ఆ చావును నడిపే జన్యువులను పట్టుకున్నాడు. బ్రెన్నర్‌తో కలిపి ముగ్గురికీ 2002లో నోబెల్ వచ్చింది.

చావాలా, బతకాలా అన్నది కణానికి అందే సంకేతాలను బట్టి ఉంటుంది. సాంచా మీద పేక పోగు తెగితే ఫోర్కు కనిపెడుతుంది, సాంచా నిలబడిపోతుంది. డీఎన్ఏ తెగినప్పుడు పీ53 అనే ప్రోటీను అలాగే విభజనను ఆపుతుంది. అతుకు పడిందా సరే, పడకపోతే చావమంటుంది. ఊపిరితిత్తుల కేన్సర్లలో చాలావాటిలో చెడిపోయి కనిపించేది ఆ పీ53 జన్యువే. దాన్ని చెడగొట్టేవాటిలో పొగాకు పొగ ముందుంటుంది. మన ఇళ్లలో చుట్టిన బీడీ పొగకూ ఇందులో మినహాయింపు లేదు. చుట్టకపోతే పొయ్యి వెలగదని నాకూ తెలుసు. అయినా ఈ మాట ఇక్కడ అనకపోతే ఇంకెక్కడ అనాలి?

పద్ధతిగా చావడానికీ కణానికి శక్తి కావాలి. ఆ శక్తినిచ్చే అణువు ఏటీపీ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1929లో కండరం నుంచి దాన్ని వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. సుబ్బారావు పుట్టింది 1895 జనవరి 12న. ఈ ఊరికి జనవరి 12 అంటే స్వాతంత్ర్య పోరాటంలో 1931లో ఉరికంబమెక్కిన నలుగురు హుతాత్ముల రోజు. ఆ తేదీన ఈయననూ ఒకసారి తలుచుకోండి. కణంలో ఏటీపీ ఉన్నంతసేపే చావు సక్రమంగా సాగుతుంది. అది అడుగంటితే కణం పగిలి లోపలి సరుకంతా బయట పడుతుంది. ఆ సరుకులో మిగిలిన కాస్త ఏటీపీ మళ్లీ రోగనిరోధక కణాలకు ప్రమాద సూచన అవుతుంది.

ఆ సూచన అందాక లోపల పని మొదలుపెట్టేవాటిలో ఎన్ఎల్ఆర్‌పీ3 అనే ప్రోటీను ముఖ్యమైనది. 2006లో నేచర్ పత్రికలో దాని మీద వచ్చిన ఒక పరిశోధనకు మొదటి రచయిత్రి కన్నెగంటి తిరుమలదేవి. ఊరు కొత్తగూడెం. డిగ్రీ చదివింది సింగరేణి కాలరీస్ మహిళా కళాశాలలో, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ ఉస్మానియాలో. అమెరికా వెళ్లాక మొదట్లో మొక్కలకు తెగుళ్లు తెచ్చే జీవుల మీద పనిచేశారు. 2007 నుంచి మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రిలో ఉన్నారు.

కణం చావుకు అపోప్టోసిస్, పైరాప్టోసిస్, నెక్రాప్టోసిస్ అని మూడు వేరువేరు దారులు లెక్కపెట్టేవారు. ఆ మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని, కలిసి కూడా నడుస్తాయని ఆమె బృందం చూపించి, 2019లో పానాప్టోసిస్ అని పేరు పెట్టింది. కొత్త పేరు అవసరమా అనే పండితులూ ఉన్నారు. వాదించుకోనివ్వండి. నాకు 2021లో సెల్ పత్రికలో వచ్చిన పని ముఖ్యం. కోవిడ్‌లో పెరిగిన సంకేత ప్రోటీన్లను పరీక్షిస్తే, టీఎన్ఎఫ్, ఇంటర్‌ఫెరాన్-గామా అనే రెండూ జతకట్టినప్పుడు కణాలు గుంపుగా చచ్చాయి. ఆ రెంటినీ అడ్డుకుంటే ఎలుకల్లో చావులు తగ్గాయి. ఆ రోగం ఈ వీధుల్లో ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక ధూళి సంగతి. గని ధూళిలోని సిలికా రేణువులు ఇందాక చెప్పిన ఎన్ఎల్ఆర్‌పీ3ని రేపుతాయని 2008లో తేలింది. మన ధూళి వేరు, దూది ధూళి. దానితోపాటు బాక్టీరియా విడిచిన ఎండోటాక్సిన్ ఊపిరితిత్తుల్లోకి వెళ్లి టీఎల్ఆర్4 అనే గ్రాహకాన్ని తాకుతుంది. వెంటనే వాపు తెచ్చే సంకేతాలు బయలుదేరతాయి. సెలవు మర్నాడు పనిలో దిగాక ఛాతీ పట్టేస్తుంది, ఊపిరాడదు. వారం గడిచేకొద్దీ తగ్గినట్టుంటుంది. మళ్లీ సెలవు, మళ్లీ అదే. దూది ధూళి వల్ల వచ్చే బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుకు ఇది మొదటి గుర్తు. నూలు మిల్లుల్లో ఎక్కువ, నేత షెడ్లలో కొంత తక్కువ. చాలామంది వయసు మీద పడిందనుకుని ఊరుకుంటారు. ఏళ్ల తరబడి ఊరుకుంటే ఊపిరితిత్తులు తిరిగి కోలుకోవు.

రచయితలకు నా విన్నపం ఒక్కటే. ఈ విషయాలు తెలుగులో రాయండి. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో మరాఠీ చదివి, కాలేజీలో ఇంగ్లీషులో పడుతున్నారు. చాలామందికి మన లిపి రాదు. అందుకని రాసి ఊరుకోకుండా వాడల్లో చదివి వినిపించండి. బీడీలు చుట్టేవాళ్లకు చేతులు ఖాళీ ఉండవు గానీ చెవులు ఖాళీయే. షెడ్డు యజమానులు కిటికీలు తెరిపించి, ధూళి బయటికి లాగే ఫ్యాన్లు పెట్టించండి. సెలవు మర్నాడు ఛాతీ పట్టేసే అన్నలు డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, దగ్గు గురించి చెప్పేముందు ఏ పని చేస్తారో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో చెప్పండి.